ఆముదం పోసిన కందిలి

"రాత్రిపూట బస్సు షెడ్డుల నీకేం పని?"

ఇంద్రకరణ్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మూడోసారి కూడా గాలయ్య ఠాణా గచ్చుకేసి చూశాడే తప్ప సూటిగా బదులు చెప్పలేదు. హవేలిఘనపూర్ అడవి అంచున బొగ్గు కాల్చుకొని బతికే మనిషి. ఎంత తోమినా పోని నలుపు గోళ్లలోనూ కనురెప్పల్లోనూ ఉండిపోయింది. చేతులకు బేడీలు, కింది పెదవి మీద ఎండిన నెత్తురు.

"కల్లు తాగినం దొరా. నేను, లక్ష్మయ్య. గంతే."

"కల్లు తాగెతందుకు ఊర్ల కల్లు దుకాణం లేదా? షెడ్డు తలుపులు పెట్టుకొని తాగాల్నా?"

"వానొస్తుండె దొరా."

"మరి లొల్లి ఎందుకైంది? వాడకట్టంత విన్నదంట."

"బొగ్గు తడిసిందన్నడు. మొగులు పొక్కపడ్డట్టు వాన పడుతుంటె నేనేం జేతు? దోస్తులన్నంక లొల్లి పెట్టుకోరా, మల్ల కూడుకోరా? వాడు నాకు సొంత తమ్ముని లెక్క. వాన్ని నేనెందుకు సంపుకుంట?"

"మరి నా దగ్గర దాస్తున్నదేంది?"

గాలయ్య చూపు తలుపు దగ్గర నిలబడ్డ అమీన్ రాజేందర్ దాకా పోయి, కాలినట్టు వెనక్కి వచ్చి మళ్లీ గచ్చు మీద వాలింది. "ఏం లేదు దొరా."

ఏమీ లేనివాడు అలా చూడడు. ఇంద్రకరణ్ ఆ చూపును మనసులో పెట్టుకొని లేచాడు.

"అయిందా మీ పూఛ్‌తాఛ్?" అమీన్ మీసం కింద నవ్వాడు. ఊరి పోలీసుకు పెద్ద, మాటకు ఎదురు విని ఎరగడు, బట్టలకు ఇస్త్రీ మడత నలగనివ్వడు. "హైదరాబాదు నుంచి వచ్చిండ్రని ఇజ్జత్ ఇచ్చి అడగనిచ్చిన. మూడు గంటలకు ముల్జిమ్ గాలయ్య సంగారెడ్డికి రవానా అయితడు. కాయితాలు తయారున్నయి."

"ఇంత తొందర దేనికి అమీన్ సాబ్?"

"ఇది కమ్యూనిస్టు దళం పని. ఇసొంటోళ్లను ఊర్ల పెట్టుకుంటె ఠాణా మీదికి మంది వస్తరు."

బయట మెట్ల మీద కూర్చున్న కిష్టవ్వ, అంటే గాలయ్య పెండ్లాం, రవానా అన్న మాట చెవిన పడగానే లేచి నిలబడింది. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. పోయిన నెల ఇదే ఠాణా నుంచి ఇద్దరు ఖైదీలు ఇదే సంగారెడ్డి బాటన రవానా అయ్యారు. ఇద్దరూ దారిలో పారిపోబోయారట, కాల్చాల్సి వచ్చిందట. కాళ్లకు గొలుసులున్న మనుషులు ఎట్లా పారిపోబోయారని అడిగిన మొనగాడు ఎవడూ లేడు.

"అయ్యా, బాంచెన్, సంగారెడ్డి తోవ పట్టిచ్చిండ్రంటె వాడు ఇగ లేనట్టే," అంది కిష్టవ్వ. ఏడవలేదు. ఏడిస్తేనే నయంగా ఉండేది. "మూడు గంటల లోపల్నే ఏమన్న జెయ్యి."

ఇంద్రకరణ్ గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటింది.

నిజానికి అతను మెదక్ వచ్చిన పని వేరు. సుల్తాన్ బజారులో బోర్డు పెట్టుకొని, ఎగవేతగాళ్లనూ ఇంటి దొంగలనూ పట్టిచ్చే ప్రైవేటు డిటెక్టివ్ అతను. ఈ ఊళ్లో పట్టాల్సింది కూడా ఒక చిల్లర దొంగనే.

అది పంతొమ్మిది వందల నలభై ఎనిమిది సెప్టెంబరు మొదటి వారం. నైజాం రాజ్యానికి నాలుగు దిక్కులా తలుపులు మూతబడి ఉన్నాయి. హిందుస్తాన్ సర్కారు సరిహద్దుల్లో నాకాలు పెట్టి ఉప్పు, మందులు, కిరోసిన్, పెట్రోలు లోపలికి రానివ్వడం లేదు. రాజ్యంలో వడ్లకు కొదవ లేదు, ఆముదాలకు కొదవ లేదు, అడవికి అసలే లేదు. నేల లోపల ఊరే నూనె ఒక్కటే లేదు. అది లేకపోతే మిగతా సిరులన్నీ ఉండీ లేనట్టేనని గొప్ప గొప్ప లెక్కల మనుషులకు కూడా అప్పుడే తెలిసివచ్చింది. హవేలిఘనపూర్ వడ్లు మోసుకుపోయే లారీ లేక గరిసెల్లో ముక్కిపోతుంటే, శివ్వంపేటలో ఉప్పు కోసం సన్నబియ్యం కొలిచి ఇస్తున్నారు. నిన్నటిదాకా గాలయ్యను గడప తొక్కనివ్వని షావుకార్లు ఇవాళ పీట వేసి కూర్చోబెట్టి, "మాకు రెండు బస్తాలు ఎక్కువ పంపు గాలయ్యా" అని బతిమాలుతున్నారు.

ఎందుకంటే ఊరికి మిగిలింది ఒకటే బస్సు, అది బొగ్గు మీద నడుస్తుంది. బస్సు వెనక నిలువెత్తు ఇనుప డ్రమ్ము. అందులో బొగ్గు రాజేసి, చేతి పంకా తిప్పితే వచ్చే వాయువు ఇంజనుకు పోతుంది. పొద్దున చల్లబడ్డ ఇంజనును లేపడానికి మాత్రం ఒక సీసా పెట్రోలు కావాలి. ఆ సీసాకు సర్కారు చీటీ ఉంది. సీసాలు ఖర్చవుతున్నాయి గాని ఇంజనులోకి పోవడం లేదని బస్సు యజమాని అమరేందర్‌కు అనుమానం వచ్చి, గుట్టుగా ఇంద్రకరణ్‌ను పిలిపించాడు.

వచ్చిన మూడోనాడు డ్రైవర్ లక్ష్మయ్య శవమయ్యాడు. వాన రాత్రుల్లో బస్సులోనే పడుకునేవాడు. తలుపులు మూసిన రేకుల షెడ్డులో ఎవరో డ్రమ్ము రాజేశారు. బొగ్గు వాయువుకు వాసన ఉండదు, నిద్రపోయేవాణ్ణి లేపకుండానే తీసుకుపోతుంది. శవం బుగ్గలు ఎర్రగా కళకళలాడుతుంటే దవాఖాన డాక్టరు చూడగానే సంగతి చెప్పేశాడు. అక్కడిదాకా పేచీ లేదు. రాజేసింది ఎవరన్నదే పేచీ. అమరేందర్ తన మేడ మీది నుంచి, షెడ్డు అద్దాల కిటికీలో, కందిలి వెలుగులో గాలయ్యను చూశానని వాంగ్మూలం ఇచ్చాడు.

ఆ వాంగ్మూలమే గాలయ్య మెడకు ఉచ్చు.

*

షెడ్డులో తడి బొగ్గు వాసన. అమరేందర్ తాళం తీసి పక్కకు నిలబడ్డాడు. నాలుగూళ్ల భూములున్న ఇంటి బిడ్డ. వ్యవసాయం వద్దని బస్సు కొన్నాడు, కొన్న ఏడే పెట్రోలు పోయింది. షేర్వానీ మెడ గుండీ విప్పుకొని చెమట తుడుచుకుంటున్నాడు. వాన చల్లటి పూట అంత చెమట ఎందుకో.

ఇంద్రకరణ్ ముందు డ్రమ్ము దగ్గరికి పోయాడు. ఇనుము ఇంకా గోరువెచ్చగా ఉంది. కింది తలుపు తీసి చూస్తే నిన్నటి బూడిద అలాగే ఉంది, దాని మీదే కొత్త నిప్పు. చూరు కింద రెండు బల్లులు వెల్లకిలా పడి ఉన్నాయి.

"లక్ష్మయ్య పొద్దున డ్రమ్ము ఎక్కడ రాజేస్తడు?"

"బయట. నలుగురు కలిసి బస్సును బయటికి నూకినంకనే. లోపల రాజేస్తె సస్తమని అందరికి ఎరికే."

"బూడిద?"

"బూడిద దియ్యకుంటె నిప్పు సరిగ్గ అందుకోదు. అది తీసినంకనే."

"గాలయ్యకు గూడ ఎరికేనా?"

అమరేందర్ ఆలోచించకుండానే, "వాని పుట్టుకే నిప్పుల కాడ గద," అనేసి, అన్నందుకు నాలుక కరుచుకున్నాడు.

నిప్పు తెలిసినవాడు బూడిద తీయకుండా రాజేయడు. ఇంద్రకరణ్ ఏమీ విననట్టే గోడ వారగా నడిచాడు. మూలన బొగ్గు కుప్ప ఒక పక్క కూలి ఉంది. కూలిన చోట నేల తేలి, దాని మీద పలకలు పలకలుగా అచ్చులు పడి ఉన్నాయి. ఏవో బరువైనవి చాలా రోజులు అక్కడ ఉండి, ఈ మధ్యనే లేచిపోయాయి.

"ఇక్కడ ఏముండె?"

"బొగ్గే. గంపలకు ఎత్తుతుంటె కూలుతది." ఈసారి అమరేందర్ నిజమే చెప్పినట్టున్నాడు. ముఖంలో బెదురు లేదు.

బస్సు వెనక మేకుకు కందిలి వేలాడుతోంది. ఇంద్రకరణ్ దాన్ని దించి చెవి దగ్గర ఊపాడు. నిండుగా ఉంది. ఊరంతటా కిరోసిన్, ఊరి మాటలో గ్యాసునూనె, చుక్క లేని కాలంలో షెడ్డులో కందిలి నిండుగా ఉండటం వింతే. మూత తిప్పి వేలు ముంచాడు. జిగటగా, తీగ సాగుతూ వచ్చింది. వాసన చూశాడు. పక్కనే ఇరుసులకు రాసే ఆముదం డబ్బా ఉంది, అదే సరుకు.

మూత బిగించి, మామూలుగా అడిగాడు.

"అమరేందర్ సాబ్, మీ ఇంట్ల ఇప్పుడు దీపాలు ఎట్ల పెడుతుండ్రు?"

"ఎట్లనేముంది? అందరి తీర్గనే. గ్యాసునూనె లేదాయె. అమ్మ పాత దీపంతలు తోమి బయట పెట్టింది. దూది ఒత్తి, ఆముదం."

"కందిళ్లు?"

"అటక మీద పారేసినం."

"కందిల్ల ఆముదం పోసుకుంటె అయిపోవు గద? గాలికి ఆరది గూడ."

అమరేందర్ పకాలున నవ్వాడు. "మీ హైదరాబాదు కరెంటోళ్లకు ఏం దెలుస్తది! కందిల్ల ఆముదం పిచ్చోడు గూడ పొయ్యడు. గది చిక్కటి నూనె, పట్టె ఒత్తికి ఎక్కనే ఎక్కదు. అంటిస్తె కొస మాడి..."

నవ్వు సగంలోనే చచ్చిపోయింది. అతని కళ్లు ఇంద్రకరణ్ చేతిలో ఉన్న కందిలి మీద నిలిచిపోయాయి.

"కొస మాడి ఆరిపోతది," ఇంద్రకరణ్ మాట పూర్తి చేశాడు. "ఒత్తి చూడుండ్రి. నిప్పు తగలనే లేదు. నెలల సంది ఎండిన ఒత్తి. మీరు ఏ వెలుగుల చూసిండ్రు గాలయ్యను?"

బయట చినుకు మొదలైంది. అమరేందర్ బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

"నేనేం చూడలె. పండుకున్న. పొద్దుగాల అమీన్ సాబ్ వచ్చి, కాయితం రాసుకొచ్చి, దస్తఖతు పెట్టుమన్నడు. పెట్టకుంటె బస్సు జప్తు జేస్త అన్నడు. పెట్రోలు చోరీల నన్నే ఇరికిస్త అన్నడు. కందిలి సంగతి గూడ ఆ కాయితంలదే. నేను షెడ్డు మొకమే చూడలె."

"గీ మాట అమీన్ ముందు అంటరా?"

అమరేందర్ షేర్వానీ మెడ గుండీ మళ్లీ పెట్టుకున్నాడు.

"అనుండ్రి సాబ్. ఇంక రెండు గంటలు గూడ లేవు. మనిషిని చంపుతరు."

"నా బస్సు పోతె ఈ ఊరికి ఉప్పు రాదు, మందులు రావు," అన్నాడు అమరేందర్. అతను అబద్ధమాడటం లేదు. పిరికితనానికి అప్పుడప్పుడు మంచి కారణాలే దొరుకుతాయి, అదే దానితో వచ్చే చిక్కు. ఇంద్రకరణ్‌కు అతని మీద జాలి వేసింది, చెంప మీద ఒకటి కొట్టాలనీ అనిపించింది. రెండూ చేయకుండా కందిలి పట్టుకొని ఠాణాకు నడిచాడు.

*

"అంటించుండ్రి," అని కందిలిని అమీన్ బల్ల మీద పెట్టాడు.

"ఏంది తమాషా?"

"తమాషా కాదు. మీ గవాయి అమరేందర్ ఈ వెలుగులనే ముల్జిమ్‌ను చూసిండట. నాకు గూడ ఆ వెలుగు చూడాలనున్నది."

రాజేందర్ తేలికగా నవ్వుతూ అగ్గిపెట్టె తీశాడు. ఇంద్రకరణ్ చూస్తున్నది ఆ తేలికనే. తెలిసినవాడైతే అగ్గిపుల్ల కూడా దొరకని రోజుల్లో పుల్ల గీసి పాడుచేయడు. అమీన్ గాజుబుడ్డి ఎత్తి ఒత్తికి నిప్పు తగిలించాడు. కొస చిటపటలాడి, నల్లబడి, ఆరిపోయింది. ఇంకో పుల్ల. మళ్లీ అదే తంతు. మూడో పుల్లకు గదంతా మాడు వాసన నిండింది. తలుపు దగ్గర జవాను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఆముదంతోని దీపాలు వెలుగుతలేవా ఊర్ల?" అమీన్ గొంతులో మొదటిసారి కరుకు వచ్చింది.

"దీపంతల్ల వెలుగుతయి. కందిల్ల వెలగవు. ఊర్ల పసిపోరగాండ్లకు గూడ ఎరికే. ఇది పోసినాయన జిందగీల ఎన్నడు తన దీపం తాను నింపుకున్నట్టు లేదు. నౌకర్లు నింపుతుండొచ్చు."

అమీన్ కాలిన పుల్లలను బల్ల మీది నుంచి ఊడ్చేశాడు.

నిజం చెప్పాలంటే, అప్పటికి ఇంద్రకరణ్ అనుమానం చిన్నదే. దొంగ సాక్ష్యాలు అల్లే పోలీసును అతను కొత్తగా చూడటం లేదు. కేసు తొందరగా ముగించి మెడల్ కొట్టేద్దామనుకునే తొందరపాటు మనిషి అనుకున్నాడు, అంతే. ఆ అనుమానం పెద్దదైంది ఆ తరువాత అమీన్ అన్న మాటతోనే.

"ఇంద్రకరణ్ సాబ్, మీరు పెట్రోలు దొంగను పట్టెతందుకు వచ్చిండ్రు. ఆ దొంగ సచ్చిండు. మీ ఫీజు తీసుకొని మంచిగ ఇంటికి పొండ్రి."

"పెట్రోలు తీసింది లక్ష్మయ్య అని మీకు ఎవరు చెప్పిండ్రు?"

రాజేందర్ చేతిలో అగ్గిపెట్టె ఆగింది. "అమరేందరే."

"అమరేందర్‌కు అనుమానమే గాని ఎవరి మీదనో తెల్వది. తెలిస్తె నన్ను ఎందుకు పిలుస్తడు? నాకు గూడ ఇప్పటి దాక తెల్వది."

"ఠాణా నడిపేటోనికి అన్ని తెలుస్తయి." అమీన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "కందిలి కథ సంగారెడ్డిల జడ్జి సాబుకు చెప్పుకోండ్రి. ముల్జిమ్ అక్కడిదాక పోతె." చివరి మాట మెల్లగా, ఇంద్రకరణ్‌కు మాత్రమే వినపడేట్టు అన్నాడు. అన్నం తిని వస్తానని జవానుకు చెప్పి ఇంటికి వెళ్లాడు.

*

కిష్టవ్వ తెచ్చిన జొన్నరొట్టె లోపలికి ఇవ్వడానికి జవాను అడ్డు చెప్పలేదు. ఆమె వెనకే ఇంద్రకరణ్ కూడా కటకటాల దాకా పోతే, ఇంకో వైపు చూస్తూ బీడీ వెతుక్కున్నాడు. కందిలి తమాషా చూసినప్పటి నుంచీ అతని చూపు కొంచెం మెత్తబడింది.

"అమీన్ లేడు. ఇగ చెప్పు గాలయ్యా. బొగ్గు కుప్ప కింద ఏముండె?"

గాలయ్య చేతిలో రొట్టె ఆగిపోయింది.

"చెప్పు! నోట్లె మన్ను బోసుకున్నవా?" కిష్టవ్వ కటకటాలు పట్టుకొని ఊపింది. "నువ్వు దాసిపెట్టి సస్తె నన్నెవడు సూస్తడు? ఆ సచ్చినోడు లేసొస్తడా?"

"ఒట్టు పెట్టిచ్చుకున్నడే," అన్నాడు గాలయ్య. ఆ తరువాత కట్ట తెగినట్టు అన్నీ చెప్పేశాడు.

లక్ష్మయ్య పొద్దున పెట్రోలు వాడేవాడు కాదు. రెక్కలు పడిపోయేదాకా చేతి పంకా తిప్పి, ఉత్త బొగ్గు వాయువుతోనే ఇంజను లేపి, సీసా మిగిల్చేవాడు. ఎండాకాలం నుంచీ అలాగే సీసా సీసా కూడబెట్టాడు. అమ్ముకోవడానికి కాదు.

"బొగ్గు బస్సు గుట్ట ఎక్కాలంటె దిగి నూకాలె దొరా. నడుమ నడుమ ఆపి నిప్పు ఎగెయ్యాలె. ఎనక ఎవడన్న తరుముకొస్తె దొరికిపోతం. ఊర్లె లొల్లి పుట్టిననాడు వాడకట్టు ఆడోళ్లను, పిల్లలను ఎక్కిచ్చుకొని పెట్రోలు మీద ఒక్క ఊపుల సికింద్రాబాదు జేర్పుత అనెటోడు. యాడనన్న అంటె దొంగ పెట్రోలు గుంజుకుంటరని ఎవలకు జెప్పలె. నేను బొగ్గు బస్తాల నడుమ డబ్బాలు తెచ్చిస్తి. నిన్న రాత్రి ఆఖరు డబ్బా దాసిపెట్టి నేను ఇంటికి పోయిన."

"ఏం డబ్బాలు?"

"గానుగ దుకాణంల పల్లినూనె డబ్బాలు. గ్యాసునూనె డబ్బాలు ఇప్పుడు యాడ దొరుకుతయి? అడుగున నూనె ఉండె. నీళ్లు తగిల్తె పెట్రోలు ఖరాబైతదని కడుగుడు గూడ వద్దన్నడు. గట్లనే పోసినం."

"నీకు, లక్ష్మయ్యకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"ఎవలకు తెల్వది దొరా." గాలయ్య కళ్లు తుడుచుకోబోతే బేడీలు అడ్డొచ్చాయి. "వానికి కల్లు దాగితె మాట ఆగది. దుకాణంల ఎవని ముందన్న అన్నడేమో. వారం కింద అమీన్ సాబ్ వాన్ని పిలిపిచ్చుకొని చాయ తాగిపిచ్చిండట. నాతోని నవ్వుకుంట జెప్పిండు. చాయకు భయపడి సస్తనారా అన్నడు."

షెడ్డు నేల మీది అచ్చులు ఇంద్రకరణ్ కళ్ల ముందు మెదిలాయి. లక్ష్మయ్యను చంపినవాడు డబ్బాలు ఎత్తుకుపోయాడు. ఆ డబ్బాల సంగతి తెలిసి బతికున్నవాడు గాలయ్య ఒక్కడే. అందుకే ఈ రవానా. దళం కాదు, లొల్లి కాదు. రాజ్యమంతా ఎండిపోయిన చోట, ఒక మనిషి రెక్కల కష్టం మీద మిగిలిన నాలుగు డబ్బాల పెట్రోలు. కాని ఎవరి దగ్గర ఉన్నట్టు రుజువు? మాట తూలడం రుజువు కాదు. అమీన్ ఇల్లు సోదా చేయడానికి అమీన్‌నే అడగాలి.

ఇంకా మూడు కానే లేదు. ఠాణా వెనక పెరట్లో గర్రుమని మోటారు లేచింది.

కిష్టవ్వ ఉలిక్కిపడింది. జవాను బీడీ కింద పడేశాడు. ఠాణా మోటారు ఎండాకాలం నుంచీ టార్పాలిన్ కింద పడి ఉంది. దాని సీట్లో కోళ్లు పొదుగుతున్నాయి. రవానా అంటే ఎడ్లబండి మీద, జవాన్ల నడుమ కాలినడకన అనుకున్నారందరూ. ఇప్పుడు అదే మోటారు కోళ్లను చెదరగొట్టుకుంటూ, తెల్లటి పొగ వదులుతూ ఠాణా ముందుకు వచ్చి నిలబడింది. తోలుతున్నది రాజేందర్.

దారిన పోయేవాళ్లు ఆగిపోయారు. పెట్రోలు మీద నడిచే మోటారును చూసి ఎన్నాళ్లయిందో. ఇంతలో నీళ్ల బిందెతో నిలబడ్డ ఒక ముసలామె ముక్కు ఎగబీల్చి, "ఎవలింట్లనే గారెలు కాలుస్తుండ్రు?" అంది.

ఇంద్రకరణ్ ముక్కుకూ తగిలింది. కాగిన పల్లినూనె వాసన. ఏ వంటింట్లోంచీ కాదు, మోటారు పొగలోంచి. పెట్రోలు దొరికింది, దొంగ దొరికాడు, చంపినవాడు దొరికాడు. వాడి నడుముకు పిస్తోలు ఉంది, వాడి చేతిలో ఠాణా ఉంది.

అమరేందర్ కూడా గుంపులో ఉన్నాడు. మోటారు నడవడం అతనూ చూశాడు. ఊళ్లోకి పెట్రోలు వచ్చేది అతని చీటీ మీదే; మోటారు లేచింది ఎవరి పెట్రోలుతోనో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇంద్రకరణ్ అతని వైపు చూశాడు. ఒక్క మాట అను, నాకు తోడుగా ఒక్క మాట, అన్నట్టు చూశాడు. అమరేందర్ తల దించుకున్నాడు.

జవాన్లు గాలయ్యను తెచ్చి వెనక సీట్లో పడేశారు. కిష్టవ్వ మోటారు ముందుకు ఉరికితే ఒకడు చెయ్యి పట్టి ఈడ్చాడు. ఇక్కడ, ఇన్ని తుపాకుల నడుమ, హంతకుడు వీడే అని అరిస్తే ఏమవుతుంది? గాలయ్య చస్తాడు, తానూ చస్తాడు, రాత్రికి మరో కాయితం తయారవుతుంది. అరవకపోతే గాలయ్య ఒక్కడే చస్తాడు. ఇంద్రకరణ్‌కు ఒకటే దారి కనపడింది. పక్కన సాక్షి ఉన్న ఖైదీని పారిపోబోయాడని కాల్చడం కష్టం.

"అమీన్ సాబ్!" బజారంతా వినేట్టు కేక వేశాడు. "బస్సు లేదు. నేను గూడ సంగారెడ్డి దాక వస్త. జర జాగ ఇవ్వుండ్రి."

రాజేందర్ ఒక్క లిప్త అతన్ని చూశాడు. తరువాత పక్క సీటు మీద చేత్తో తట్టాడు. "ఎక్కుండ్రి. తోవల ముచ్చట్లకు తోడుంటరు."

అంత సులువుగా ఒప్పుకుంటాడని ఇంద్రకరణ్ అనుకోలేదు. ఎక్కి కూర్చుంటే మోకాళ్లకు ఏదో తగిలింది. అప్పుడు దాని సంగతి పట్టించుకోలేదు. మోటారు కదిలింది. కిష్టవ్వ కేక కొంతదూరం వెంట వచ్చి ఆగిపోయింది.

ఊరు దాటి, రెండు బాటలు చీలే చోట అమీన్ మోటారు ఆపాడు. వెనక గాలయ్య పక్కన తుపాకీతో కూర్చున్న జవానుతో, "రవానా కాయితం బల్ల మీదనే మర్చిన. ఉరికి తీసుకొని ఎనక రా," అన్నాడు. జవాను తెల్లబోయి దిగాడు. కాలినడకన పోయినవాడు మోటారును ఎట్లా అందుకుంటాడని అడిగే ధైర్యం అతనికి లేదు. వాన తెరలో అతని ముదురు రంగు డ్రెస్సు కరిగిపోయేదాకా అమీన్ కదలలేదు.

ఇప్పుడు మోటారులో ముగ్గురే. మోకాళ్లకు తగులుతున్నదాన్ని ఇంద్రకరణ్ అప్పుడు చూశాడు. తాళం వేసిన ఇనుప పెట్టె, దాని మీద తాడుతో బిగించి కట్టిన పరుపు చుట్ట. ఖైదీని దింపి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాల్సిన మనిషి పరుపు ఎందుకు తీసుకుపోతాడు?

"నేను మీ మోటారు ఎక్కింది ఊరంత చూసింది, అమీన్ సాబ్," అన్నాడు. "మాకు ఏమన్న అయితె రేపు మీరు జవాబు చెప్పుకోవాలె."

"చెప్పుకోవాలె. నిజమే." రాజేందర్ నింపాదిగా గేరు మార్చాడు. "హిందుస్తాన్ మిలిటరీ ఇయ్యాల్నో రేపో వస్తది. వచ్చినంక మొదలు అడిగేది నన్నే. నేను చేసినయన్ని లెక్క చెప్పుకోవాలె. అందుకే గద ఈ పెట్రోలు." తల తిప్పి, మర్యాదగా, కొత్త చుట్టాన్ని పలకరించినట్టు నవ్వాడు. "వాసన మీకు తెలిసిందని ఠాణా ముందట్నే చూసిన. మీరు అడగకున్న నేనే ఎక్కుమందును. రేపు నేను మెదక్‌ల ఉంటనని మీకు ఎవరు చెప్పిండ్రు?"

అని, మోటారును సంగారెడ్డి బాట విడిచి అడవి బాట పట్టించాడు.